దివిసీమ, శనివారం: ఒక తుఫాను పగటిని ఏఐ వీడియోలో కట్టిన పని డైరీ

నాలుగు నిమిషాల చిన్న సినిమా. 1977 నవంబర్ 19, శనివారం, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిన రోజు. దివిసీమ దక్షిణపు కొసన, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక తాటాకిల్లు. ముందు తాడిచెట్లు, పక్కన కాలవ, కాలవ అవతల కోతకొచ్చిన వరి. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా ఆ ఇంటి చుట్టూ గాలి, వెలుతురు, నీళ్ళు ఎలా మారుతూ పోయాయో అదే కథ. మొహాలు కనబడవు. చేతులు, వీపులు, గడప దాటే పాదాలు మాత్రమే. దృశ్యాలన్నీ ఏఐతో చేస్తున్నాను, చప్పుళ్ళు మాత్రం సొంతంగా పోగుచేసుకున్నవి. పని మధ్యలో ఫోనులో రాసిపెట్టుకున్న ముక్కల్ని కాస్త సాపు చేసి పెడుతున్నాను. ఇలాంటి పని తలకెత్తుకున్నవాళ్ళకి అక్కరకొస్తాయని.

సోమవారం రాత్రి. ముందు జాగా

"ఆంధ్ర తీరంలో పల్లెటూరు, తుఫానుకి ముందు, దిగులు గొలిపే వాతావరణం" అని రాస్తే ఏఐ మోడల్ ఏమిస్తుందో చూద్దామని మొదలుపెట్టాను. కొబ్బరిచెట్లు వచ్చాయి. మెట్లు మెట్లుగా పచ్చటి వరిపొలాలు వచ్చాయి, అవి ఇండోనేసియా వాళ్ళవి. పెంకుటిళ్ళు, వెనక కొండలు, కొండల మీద పొగమంచు, మంచులోంచి ఏటవాలుగా దిగే బంగారు కిరణాలు. క్యాలెండరుకి బాగుంటుంది.

దివిసీమలో కొండ ఎక్కడిది? పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, ఆ రెండు పాయలూ సముద్రంలో కలిసేలోపు నడుమ మిగిలిన ఒండ్రునేల అది. చాలాచోట్ల కాలవగట్టే ఊళ్ళోకెల్లా ఎత్తైన జాగా. ఆ రోజు అంతమంది పోవడానికి ఆ చదునే సగం కారణం. అందుకని ఫ్రేములో ఎక్కడ చిన్న మిట్ట కనబడినా కథ అబద్ధమైపోతుంది.

మోడల్ దగ్గర ఉన్నది సగటు భారతీయ పల్లె. దాన్ని విశేషణాలతో ఎంత తోమినా దివిసీమ రాదు. ఒక్కొక్కటీ పేరుపెట్టి మార్చాలి. కొబ్బరి తీసి తాడి. కొబ్బరాకు ఈకలా ఉంటుంది, తాటాకు విసనకర్ర. గాలికి రెండూ వేరేగా కదులుతాయి కాబట్టి ఈ ఒక్క మార్పుతో సినిమా మొత్తం కదలికే మారిపోయింది. పచ్చ చేను తీసి పండిన చేను, ఎందుకంటే నవంబర్ మూడో వారానికి సార్వా వరి కోతకి దగ్గరపడుతుంది. ఇల్లు మట్టిగోడ, పైన తాటాకు కప్పు, చూరు మనిషి వంగి లోపలికి వెళ్ళేంత కిందికి. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు తీసి ఇత్తడివీ మట్టివీ. కరెంటు స్తంభం వద్దు, నీలం పట్టా వద్దు, ప్లాస్టిక్ కుర్చీ వద్దే వద్దు. ఈ మూడూ వద్దని ఎన్నిసార్లు రాసినా ఏదో మూల నుంచి తొంగిచూస్తూనే ఉన్నాయి.

ఫొటోలకని నాగాయలంక, సొర్లగొంది వైపు వెళ్ళొచ్చాను. అక్కడ ఇప్పుడు కంటికి ఆనేవి రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు, సిమెంటు తుఫాను షెల్టర్లు. 1977 వాటిలో ఏదీ కాదు. అయినా వెళ్ళినందుకు నాలుగు సంగతులు దొరికాయి. నిలబడి చూస్తే ఆకాశం ఎంత భాగం ఆక్రమిస్తుందో, తడిసిన ఒండ్రు ఏ రంగులో ఉంటుందో, కాలవగట్టు మీద మనిషి నిలబడితే ఇంటి కప్పుకి ఎక్కడిదాకా వస్తాడో, దూరాన తాడి మొవ్వు ఎంత చిన్నగా కనబడుతుందో. ఫ్రేములో మూడింట రెండు వంతులు ఆకాశానికి ఇవ్వాలని అక్కడే ఖాయం చేసుకున్నాను.

మంగళవారం. డబ్బాలతో ఊరు

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్లో బూడిదరంగు డబ్బాలతో జాగా కట్టాను. ఇల్లు ఒక డబ్బా, కప్పు ఒక శంకువు, తాడిచెట్లు గొట్టాలు, కాలవ ఒక గాడి. అందం ఏమీ లేదు, కొలతలు ఉన్నాయి. కెమెరా నిలబెట్టే చోట్లు ఐదు అనుకుని అంకెలు వేసుకున్నాను. ఒకటి వాకిట్లోంచి సముద్రం వైపు. రెండు గట్టు మీంచి ఇంటి వైపు. మూడు ఇంట్లోంచి గుమ్మం వైపు. నాలుగు కాలవ పక్కన నేలకి ఆనించి. ఐదు గొడ్లపాక.

ఇంత తంటా ఎందుకంటే, ప్రతి షాటూ విడిగా మాటలతో పుట్టిస్తే ఒక దాంట్లో కాలవ ఇంటికి కుడిపక్కన, ఇంకో దాంట్లో ఎడమపక్కన వస్తుంది. చూసేవాడికి ఎక్కడ తప్పిందో చెప్పడం రాకపోవచ్చు, నమ్మకం మాత్రం జారిపోతుంది. డబ్బాల ఊరు నుంచి ఒక్కో కెమెరాకి డెప్త్ మ్యాప్ తీశాను. అంటే దగ్గరున్నది తెల్లగా, దూరమున్నది నల్లగా కనబడే బొమ్మ. అలీబాబా 2025 ఫిబ్రవరిలో అందరికీ విడుదల చేసిన వాన్ 2.1 అనే వీడియో మోడల్‌కి తర్వాత వేస్ అని ఒక అనుబంధం వచ్చింది. అది ఈ డెప్త్ మ్యాపుని పట్టుకుని, అందులోని దూరాలకి కట్టుబడి బొమ్మ కడుతుంది. గొట్టం ఉన్నచోటే తాడిచెట్టు, గాడి ఉన్నచోటే కాలవ.

ఒక్కో కెమెరాకి ఒక్క మూలచిత్రం. అది నచ్చేదాకా వీడియో జోలికి పోకూడదని నియమం పెట్టుకున్నాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అన్నీ ఆ మూలచిత్రాన్నే సవరించి తీసుకోవాలి. బొమ్మల్ని సవరించే మోడళ్ళు ఇప్పుడు "మిగతాదంతా అలాగే ఉంచి వెలుతురు తగ్గించు" అంటే చాలావరకు మాట వింటాయి. ఆ సవరించిన బొమ్మల్నే కదిలించాలి. మాటల నుంచి నేరుగా వీడియో తీయడం ఈ ప్రాజెక్టులో ఎక్కడా లేదు.

గురువారం. గాలి ఎటు

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన రోజు.

తుఫాను ఆ సాయంత్రానికి చీరాల దగ్గర తీరం దాటింది. మన ఇల్లు అక్కడికి తూర్పున అరవై, డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే తుఫాను వెళ్ళిన దారికి కుడిపక్కన. భూమధ్యరేఖకి ఉత్తరాన తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. పటం మీద పెన్సిలుతో సుడి గీసి, దాన్ని ఆగ్నేయం నుంచి వాయవ్యానికి జరుపుతూ పోతే మన ఇంటి మీద గాలి ఎలా తిరిగిందో తేలిపోతుంది. మొదట ఈశాన్యం నుంచి. తర్వాత తూర్పు నుంచి. సుడి పడమటికి వచ్చేసరికి ఆగ్నేయం, ఆ తర్వాత దక్షిణం, అంటే నేరుగా సముద్రం మీంచి.

ఒకటో కెమెరా దక్షిణానికి చూస్తోంది. దానికి ఎడమచెయ్యి తూర్పు. అప్పుడు ఈశాన్యపు గాలికి తాటాకులు కుడివైపుకి, మన నుంచి అవతలికి వాలతాయి. ఆగ్నేయానికి తిరిగాక కుడివైపుకే కానీ మన మీదికి. దక్షిణం వచ్చాక మొవ్వులు తిన్నగా మన మొహం మీదికే. నాలుగు నిమిషాల్లో చెట్లు మెల్లగా అటు తిరిగినవి ఇటు తిరుగుతాయి. ఒక్క మాట అక్కర్లేకుండా సముద్రం ఎప్పుడు ఇంటి వైపు తిరిగిందో చెట్లే చెబుతాయి. కాగితం మీద ఐదు కెమెరాలకీ బాణాలు వేసి గోడకి అంటించాను. ఇక ప్రాంప్టులో, అంటే మోడల్‌కి రాసిచ్చే మాటల్లో, "భీకరమైన గాలి" అని రాయడం మానేసి "ఎడమ వెనక నుంచి గాలి, ఆకులు కుడికీ ముందుకీ వాలి, కాండాలు కొద్దిగా వంగి" అని రాస్తున్నాను. మార్పు వెంటనే కనబడింది.

ఒక చిక్కు ఉంది. మోడల్‌కి గాలి అంటే ఊగడం. చెట్టు అటు వంగి ఇటు వస్తుంది, ఉయ్యాలలాగా. తుఫాను గాలిలో చెట్టు ఊగదు. ఒక పక్కకి వంగి ఆగిపోయి వణుకుతుంది. ఎన్ని మాటలు చెప్పినా ఊగడం మానలేదు గానీ, మూలచిత్రంలోనే చెట్టుని వంచి ఇస్తే, మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ రెండూ వంగినవే ఇస్తే, మధ్యలో వణుకు మాత్రమే పుట్టిస్తోంది. దారి దొరికింది.

వాన్ 2.1 ఒక్కసారికి 81 ఫ్రేములు ఇస్తుంది, సెకనుకి 16 చొప్పున ఐదు సెకన్లు. చివరి సెకను దగ్గర కొమ్మలు, గోడలు నీళ్ళలో చూసినట్టు జారడం మొదలుపెడతాయి. అందుకని ఏ షాటూ టైమ్‌లైన్ మీద మూడున్నర సెకన్లు దాటనివ్వడం లేదు. నిదానంగా సాగే సినిమా కావాలనుకున్నాను. మోడల్ పొట్టి షాట్లే ఇస్తానంటుంది. ఒకే చోటి నుంచి తీసిన రెండు షాట్లని మెల్లగా ఒకదాంట్లో ఒకటి కరిగిస్తే నిదానం కొంత తిరిగొచ్చింది.

శుక్రవారం. నీడల్లేని పగలు

దట్టంగా మబ్బు పట్టిన రోజు నీడ ఉండదు. చెప్పడానికి తేలిక. మోడల్‌కి మాత్రం ఎక్కడో ఒక సూర్యుడు కావాలి. మబ్బుకి అంచు బంగారం చేస్తుంది, లేదా గోడ మీద చెట్టు నీడ వేస్తుంది. "సినిమాటిక్" అన్న మాట తీసేస్తే సగం తగ్గింది. ఆ మాటలో ఏటవాలు ఎండ, పొగమంచు, నారింజ-నీలం రంగులు అన్నీ కట్టగట్టి ఉన్నాయి. "డ్రమటిక్" అన్నది ఇంకా చెడ్డది, అది రాస్తే మెరుపు ఖాయం. నిజానికి తుఫాను నడిబొడ్డుకి దగ్గర్లోని వానపట్టీల్లో మామూలు గాలివానల్లో కంటే మెరుపులు తక్కువ. సినిమాలో ఒక్క మెరుపు కూడా లేదు. అది తీసేశాక దృశ్యానికి దిగులు పెరిగింది.

నీడ లేకపోతే లోతు ఎలా చూపాలి? దూరంతోపాటు రంగు వెలిసిపోవాలి. దగ్గరి తాడి దాదాపు నలుపు, దాని వెనకది బూడిద, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయేంత లేత. డెప్త్ మ్యాప్ ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్నే మాస్కుగా, అంటే ఎక్కడ ఎంత కలపాలో చెప్పే అచ్చుగా వాడి, దూరానికి తగ్గట్టు తెల్లటి ఆవిరి కలిపాను. సమయం గడిచేకొద్దీ ఆ ఆవిరిని దగ్గరికి లాక్కుంటూ వచ్చాను. పొద్దున సముద్రం గీత కనబడుతుంది. పదకొండింటికి గీత పోతుంది. మధ్యాహ్నానికి అవతలి చేను కూడా పోతుంది. మూడింటికి కాలవగట్టు వరకే లోకం. వాతావరణమంతా ఈ ఒక్క మీట మీద నడిచింది. చాలా రోజులుగా ప్రాంప్టులో వెతుకుతున్నది ఎడిటింగ్‌లో దొరికింది.

లెక్క వేస్తే ఆ రోజు అక్కడ పొద్దు గుంకింది ఐదున్నరకి. అంత మబ్బులో నాలుగున్నరకే లాంతరు వెలిగించి ఉంటారు. దీపావళి అమావాస్య వెళ్ళి వారం దాటింది, కార్తీక శుద్ధ నవమి. మబ్బు పైన సగానికి కాస్త పెద్ద చంద్రుడు ఉన్నాడు, కింద ఎవరికీ కనబడలేదు. రాత్రి షాటు అడిగితే మోడల్ ప్రతిసారీ నిండు చంద్రుణ్ణి ఇస్తుంది, కార్తీక మాసమని తెలిసినట్టే. రాత్రి షాట్లు మొత్తానికే తీసేశాను. సినిమా చీకటి పడుతుండగానే ఆగుతుంది.

శనివారం. వాన అడ్డంగా

మోడల్ ఇచ్చే వాన నిలువుగా, ముత్యాల్లా పడుతుంది. ఆ గాలికి వాన నేలకి సమాంతరంగా పోవాలి. దృశ్యంలోనే వాన అడిగితే వచ్చే ఇంకో నష్టం, ప్రతి షాటుకీ ఒక్కో రకం వాన. కాబట్టి అన్ని షాట్లూ వాన లేకుండా, నేలా గోడలూ తడిగా మాత్రమే ఉండేలా తీశాను. వానని నల్లటి తెర మీద విడిగా చేసి, ఎడిటింగ్‌లో తిప్పి పైన వేశాను. ఏటవాలు ఎంతో గోడ మీది బాణాల కాగితం చెబుతుంది.

మూడు పొరలు. దగ్గరిది పెద్ద చుక్కలు, వేగంగా, మసగ్గా. మధ్యది గీతలు. దూరానిది చుక్కలుగా కనబడకూడదు, తెరలు తెరలుగా కదిలే తెలుపు మాత్రమే. ఆ మూడో పొరే అసలు పని చేసింది. మొదటి రెండూ తీసేసి అదొక్కటే ఉంచినా చూసేవాళ్ళు జోరువాన అనే అంటున్నారు.

మేనత్తకి ఫోనులో పంపాను. ఆవిడ అప్పటికి పెళ్ళయి అవనిగడ్డ దగ్గర ఉండేది. చూసి వెంటనే ఫోన్ చేసింది.

"ఒరే అబ్బాయ్, చూరు కింద నీళ్ళు ధార కడతన్నాయేందిరా?"

"వాన కదత్తా."

"వానైతే? ఆ గాలికి ధార నిలబడుద్దా? చూర్లోంచి దిగీదిగకముందే ఎగరగొట్టుకు పోద్ది. నీళ్ళు గోడల్లోంచి వచ్చినయ్. మట్టిగోడ నానిపోయి ముద్దలు ముద్దలుగా రాలింది. అది పెట్టు."

రెండో కెమెరా షాట్లలో చూరు ధారలన్నీ తుడిచి, గోడ అడుగుభాగం నల్లగా తడిసి పైకి పాకుతున్నట్టు మూడు దశల్లో మూలచిత్రాలు మార్చాను. తర్వాత ఆవిడే గొడ్లపాక చూసి ఇంకోటి అంది. "గాలి అట్టా ముదిరినాక గొడ్డుని కట్టేసి ఉంచుతారంట్రా ఎవురైనా? పలుపులు కోసి వదిలేశారు." దాంతో ఐదో కెమెరాలో ఎద్దులు మధ్యాహ్నం వరకే. నాకది ఇంకోరకంగా కూడా కలిసొచ్చింది. ఎద్దు నడిస్తే కాళ్ళు లెక్క తప్పడం మోడళ్ళకి ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఆదివారం రాత్రి. లాంతరు

ఇంట్లో షాటు. మోడల్ దృష్టిలో లాంతరంటే గది నిండా పరుచుకునే తేనెరంగు. మూలమూలలా వెలుతురే, దూలాల మీది సాలెగూడు కూడా కనబడుతోంది. కిరసనాయిలు లాంతరు వెలుతురు అంత దూరం పోదు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. లాంతరు పట్టుకున్న చెయ్యి, పక్కన బియ్యపు డబ్బా అంచు, అంతే. ఆ వెనక చీకటి. రంగు కూడా ముఖ్యమే. వెలుతురు రంగుని కొలిచే కెల్విన్ లెక్కలో కిరసనాయిలు మంట 1,900 దరిదాపు, గుమ్మంలోంచి వచ్చే మబ్బు పగలు 6,500 పైన. ఈ రెండూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు లోపల ఎర్రగా, గుమ్మం అవతల నీలంగా ఉండాలి. మోడల్ రెంటినీ సర్ది మధ్యరకం చేస్తుంది. లాంతరు లేని గది ఒకసారి, నల్లటి గదిలో లాంతరు ఒక్కటే ఒకసారి తీసి, ఒకదాని మీద ఒకటి వేశాక గానీ కుదరలేదు. ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. లాంతరు పొర వెలుతురుని గాలి చప్పుడు ట్రాకుకి ముడివేసి, విసురు వచ్చినప్పుడల్లా తగ్గేలా చేయొచ్చు.

గాజు మసిబారాలన్నది కూడా అత్త మాటే. గాలి లోపలికి దూరితే ఒత్తి పొగచూరి గాజు ఒకపక్క నల్లబడుతుంది. ఏ వైపు నల్లబడాలో బాణాల కాగితం చూసుకున్నాను. ఎవరూ గమనించరు. నాకు తెలుసు.

చీకటి షాట్లలో ఆకాశం మెట్లు మెట్లుగా చారలు కట్టింది. మోడల్ నుంచి వచ్చేది ఎనిమిది బిట్ల వీడియో, ముదురు బూడిదలో దాని దగ్గర ఉన్న మెట్లు తక్కువ. సన్నటి గ్రెయిన్, అంటే ఇసకలాంటి చుక్కలు చల్లితే చారలు పోయాయి.

ఉప్పెనని చూపించకపోవడం గురించి

ఇది ఒక రోజు రాసింది కాదు, పని పొడుగునా నలిగింది.

అడిగితే మోడల్ ఉప్పెన ఇస్తుంది. నీలంగా, గాజులా మెరుస్తూ, పైన నురగ చుట్టుకుని తాడిచెట్ల మీదికి విరుచుకుపడే గోడ. హాలీవుడ్ సునామీలు, సర్ఫింగు వీడియోలు కలిపి నేర్చుకున్న అల అది. దివిసీమ మీదికి వచ్చింది అలాంటిది కాదు. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. అది కొద్దిపాటిదే. మిగిలిందంతా లోతు తక్కువగా ఉన్న తీరం మీదికి గాలి గంటల తరబడి నెట్టుకొచ్చిన నీరు. కొన్నిచోట్ల ఐదు మీటర్ల దాకా లేచింది. బురదరంగులో, చెత్తతో, చీకట్లో, సముద్రమే లేచి నడిచినట్టు వచ్చింది. పోయినవాళ్ళు పది వేల దాకా అని సర్కారు లెక్క, ఊళ్ళల్లో చెప్పే లెక్క అంతకంటే చాలా పెద్దది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో ఆ రోజుని ఇంటి మనిషి పేరుతో గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను బటన్ నొక్కి పుట్టించిన కెరటాన్ని వాళ్ళ ముందు పెట్టే ధైర్యం నాకు లేదు, ఆ కోరికా లేదు.

సినిమాకి చివర కావాలి మరి. నాలుగో కెమెరా కాలవ దగ్గర ఉంది. పొద్దున్నుంచీ ఆ కాలవ ఎడమ నుంచి కుడికి, సముద్రం వైపు పారుతూ కనబడుతుంది. చివరి షాటులో కుడి నుంచి ఎడమకి పారుతుంది. అంతే. సముద్రం కాలవలోకి ఎక్కింది.

మోడల్‌కి పారే దిక్కు చెప్పడం మహా కష్టం. ఒక షాటులో ఒడ్డు దగ్గర ఒక దిక్కు, నడుమ ఇంకో దిక్కు పారింది. అందుకని ఎడమ నుంచి కుడికి పారే మంచి క్లిప్పుని తీసుకుని ఎడిటింగ్‌లో వెనక్కి నడిపించాను. ఇలా చేస్తే వాన నేలలోంచి ఆకాశంలోకి పోతుంది. మన షాట్లలో వాన విడి పొర కాబట్టి ఆ బాధ తప్పింది, వెనక్కి నడిపించిన కాలవ మీద ముందుకి నడిచే వాన. నీటి మీద తేలే గడ్డి పరకల సంగతి ఇంకోటి. అవి సుడి తిరుగుతూ పోతుంటే వెనక్కి నడిపినా తేడా తెలియదు గానీ, గట్టుకి తగులుకుని విడిపోయే పరక ఉంటే పట్టుబడిపోతుంది, తగులుకోవడమూ విడిపోవడమూ తలకిందులవుతాయి కాబట్టి. అలాంటివి లేని మూడున్నర సెకన్లు ఏరుకున్నాను. రంగు కూడా మార్చాను. పొద్దుటి కాలవ నీరు ఒండ్రు ఎరుపు, చివరి షాటులో ఉప్పునీటి బూడిద.

బుధవారం. చప్పుడు

గూగుల్ వాళ్ళ వియో 3 లాంటి మోడళ్ళు 2025 మే నుంచి బొమ్మతోపాటే చప్పుడూ ఇస్తున్నాయి. చేతుల క్లోజప్పులు కొన్నిటికి దాన్ని వాడాను, ఎనిమిది సెకన్ల షాటు రావడం హాయి. చప్పుడు మాత్రం మూసేసుకున్నాను. గాలి షాటు షాటుకీ కొత్తగా మొదలైతే తుఫాను ముక్కలైపోతుంది. నాలుగు నిమిషాలకీ ఒకటే గాలి కావాలి, దాని మీద బొమ్మలు తెగాలి.

ఎండు తాటాకులు నాలుగు మేడ మీదికి తెచ్చి, ఒకటి టేబుల్ ఫ్యాను ముందు కట్టి, ఫోను దుప్పట్లో చుట్టి రికార్డు చేశాను. ఎండినప్పుడు గలగలమంటుంది, తడిపితే చప్పట్లు కొట్టినట్టు మొద్దుగా కొడుతుంది. పొద్దుటి షాట్లకి ఎండుది, పది తర్వాత తడిది. గాలికి విడిగా చప్పుడు ఉండదు, తగిలినదాని చప్పుడే దానిది. కరెంటు తీగలు లేవు కాబట్టి ఈల వెయ్యదు, గాజు కిటికీలు లేవు కాబట్టి గడగడమనదు. ఆకు, చూరు, తడిక, అంతే. సముద్రం ఘోషని చాలా సన్నగా పెట్టి, పక్షుల కూతల్ని మొదటి ముప్ఫై సెకన్లలోనే ఆపేశాను. బొమ్మలో ఏమీ మారకపోయినా అక్కడ చూసేవాళ్ళు కాస్త ముందుకి వంగుతున్నారు.

శుక్రవారం. బావతో వాదన

ఎడిటింగులో సాయం చేసే బావ హైదరాబాద్ నుంచి చూసి, "నలుపు తెలుపు చేసెయ్‌రా, నాలుగు గీతలు పెట్టు. పాత న్యూస్ రీలులా ఉంటుంది, ఏఐ లోపాలు కూడా కనబడవు" అన్నాడు.

లోపాలు కనబడవన్న మాట నిజమే, గ్రెయినూ గీతలూ ఎన్నిటినో కప్పేస్తాయి. అయినా వద్దన్నాను. ఆ ఉప్పెనకి నిజమైన నలుపు తెలుపు ఫొటోలు ఉన్నాయి, పత్రికల్లో వచ్చాయి. నాది వాటి పక్కన నిలబడి నిజంలా కనబడితే నవంబర్ 19 వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో "అరుదైన వీడియో" అని తిరుగుతుంది. వియో వీడియోల్లో సింథ్ఐడీ అని కంటికి కనబడని ముద్ర ఉంటుంది గానీ, ఫార్వర్డు చేసేవాళ్ళలో దాన్ని వెతికేది ఎవరు? కాబట్టి రంగులోనే ఉంచుతున్నాను, కింద మూల "ఏఐతో కట్టిన దృశ్యాలు" అన్న అక్షరాలు మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా. మొదట్లో ఒక కార్డు వేస్తే చాలదా అన్నాడు బావ. చాలదు, కత్తిరించి పంపేవాళ్ళు మొదటి ఐదు సెకన్లే కత్తిరిస్తారు.

ఆ అక్షరాలు ఎడిటింగులో వేసినవి. మోడల్ చేత తెలుగు రాయిస్తే గుణింతాలకి గుణింతాలు అతికించి ఏదో లిపి చేస్తోంది, అందుకే ట్రాన్సిస్టర్ మీద గానీ గోడ మీద గానీ ఎక్కడా రాత లేదు.

ఆదివారం. మిగిలిన పని

ట్రాన్సిస్టర్లో వచ్చే తుఫాను హెచ్చరిక గొంతు ఒక్కటే మిగిలింది. పాత రేడియో వార్తల గొంతుని ఏఐతో అచ్చు దించొచ్చని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఒక మనిషి గొంతుని అడక్కుండా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మచిలీపట్నంలో నాటకాలు వేసే ఒకాయన చదివి పంపుతానన్నారు, మాటలు నేనే రాసిచ్చాను, ఏ నిజం బులెటిన్‌దీ కాదు.

అది వచ్చాక 300 హెర్ట్జ్ కిందా, 5,000 పైనా కోసెయ్యాలి. మీడియం వేవ్ రేడియోలో, చిన్న స్పీకరులో వినబడేది ఇంచుమించు అంతే. కొంచెం చిటపట కలపాలి. ఒకటో కెమెరాలో తాటాకులు మన వైపు తిరిగేచోట గొంతుని కోయకుండా, గాలి ట్రాకుని పెంచి దాని కింద పోనివ్వాలి. ఆరు డెసిబెల్స్ సరిపోతాయనుకుంటున్నాను, ఇయర్‌ఫోన్లలో ఒకసారి, ఫోను స్పీకర్లో ఒకసారి విని తేల్చుకోవాలి, ఎక్కువమంది చూసేది ఫోనులోనే కాబట్టి. దానికంటే ముందు పాత రెండర్లు, అంటే మోడల్ తీసిచ్చిన వీడియోలు కొన్ని చెరిపెయ్యాలి, డిస్కులో చోటు అయిపోవచ్చింది.